ఆరోగ్య పాఠం... ఆఫ్రికా దాకా!

సేవ చేయాలన్న మనసుంటుంది. చేతిలో చదువూ ఉంటుంది. సంఘం పెద్దలు సరే అంటారు. విమాన టిక్కెట్టు ఒక్కటే తరువాయి! కానీ... నెల్లాళ్లకో, రెండు నెలలకో వెళ్లొచ్చే మనుషులు ఏ భాషలో చెబుతారు? ఎవరు వింటారు? తిరిగొచ్చాక అక్కడ మిగిలేదేంటి? నూట పాతికేళ్ల కిందటి దర్బన్ మొదలుకొని మన డిచ్‌పల్లి దాకా, ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పే కథలు చాలానే ఉన్నాయి.

మందమర్రిలో ఓ కార్మిక కుటుంబం అనుకోండి. తండ్రి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయాడు. కూతురు నర్సింగ్ పూర్తి చేసింది. ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి మెల్లగా అడిగింది... ‘బాపూ, ఆఫ్రికాకు పోయి ఆరోగ్యం గురించి చెప్పే బృందంల నా పేరియ్యాల్నా?’

తండ్రి కన్నా ముందు తల్లి అందుకుంటుంది. ‘గంత దూరమా? గక్కడ అన్నీ రోగాలేనటగదా!’

సుమారు ఏడు వేల కిలోమీటర్ల దూరం మరి. భయం సహజమే. సంతోషమూ సహజమే. అయితే పంపాలా వద్దా అన్నదానికన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. అక్కడికి వెళ్లి ఏం చేయాలి? ఎలా చేయాలి?

ఎందుకంటే... ఆరోగ్య పాఠం చెప్పడమంటే మాటలు కాదు. చేతులు కడుక్కోండి, నీళ్లు కాచి తాగండి అని చెప్పి వచ్చేస్తే అయిపోదు. వినేవాళ్ల ఇంట్లో సబ్బుందా, నీళ్లు కాచడానికి కట్టెలున్నాయా... అది తెలియకుండా చెప్పే పాఠం గాలికి పోతుంది.

గాంధీజీ... కాంపౌండరు!

దక్షిణాఫ్రికాతో తెలుగువాళ్ల బంధం ఇవాళ్టిది కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ అనే ఓడ దర్బన్ రేవుకు చేరింది. అందులో ఉన్నవాళ్లంతా చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన కూలీలు. 1911 వరకూ అలా వెళ్లినవాళ్లు లక్షన్నర పైమాటే. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లూ వారిలో ఎందరో ఉన్నారు. అయిదేళ్ల ఒప్పందం, ఎడతెగని చాకిరీ, అర్థంకాని భాష. జబ్బు చేస్తే దిక్కెవరు?

దర్బన్‌లో సెయింట్ ఎయిడాన్స్ అనే క్రైస్తవ మిషన్ ఉండేది. దాన్ని నడిపే డాక్టర్ బూత్ రోగులకు ఉచితంగా వైద్యం చేసేవారు. అక్కడే ఓ చిన్న ధర్మాసుపత్రి వెలిసింది. డబ్బు సాయం చేసింది పార్శీ రుస్తుంజీ అనే వ్యాపారి. ఆ ఆసుపత్రిలో రోజూ ఉదయం గంట, ఒక్కోసారి రెండు గంటలు స్వచ్ఛందంగా పనిచేసిన కాంపౌండరు ఎవరో తెలుసా... మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ!

బారిస్టరుగా పేరు తెచ్చుకుంటున్న రోజులవి. అయినా ఆయన అక్కడ చేసిన పని చాలా మామూలుది. రోగి పక్కన కూర్చుని బాధేమిటో అడిగి తెలుసుకోవడం, దాన్ని డాక్టరుకు చెప్పడం, రాసిచ్చిన మందు ఇవ్వడం. ఆ రోగుల్లో ఎక్కువమంది తమిళ, తెలుగు, ఉత్తరాది ఒప్పంద కూలీలేనని ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నారు. ఆ పనితో మనసుకు కొంత శాంతి దొరికిందని కూడా.

ఆ అనుభవం ఊరికే పోలేదు. 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులతో క్షతగాత్రులను మోసే దళాన్ని తయారుచేశారు. వారికి వెన్నుదన్నుగా నిలిచిందీ డాక్టర్ బూతే. ఆ దళంలో ఎక్కువమంది ఒప్పంద కూలీలే.

గమనించారా? వెళ్లగానే ఉపన్యాసం ఇవ్వలేదాయన. ముందు విన్నారు. స్వచ్ఛంద సేవకు మొదటి పాఠం అదే.

నెల్లూరు నుంచి నేటాల్‌కు...

విదేశీ మిషనరీలు మన దేశానికి రావడం అందరికీ తెలిసిన కథ. మన తెలుగువాడే మిషనరీగా ఆఫ్రికా వెళ్లిన కథ మాత్రం చాలామందికి తెలియదు.

నేటాల్ తోటల్లో పనిచేస్తున్న తెలుగు కూలీల్లో కొందరు బాప్టిస్టులు. అక్కడ తమ భాషలో ప్రార్థన చేయించేవారు లేరు. ఓ బోధకుణ్ని పంపమని సొంతగడ్డ మీది సంఘాలకు మొరపెట్టుకున్నారు. తెలుగు బాప్టిస్టు సంఘాల హోం మిషనరీ సొసైటీ ఆ బాధ్యతను నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యకు అప్పగించింది. 1903లో ఆయన సముద్రం దాటారు. ఆ ఏడాది చివర్లోనే దర్బన్‌కు ఉత్తరాన, తేయాకు తోటలున్న కియర్స్‌నీలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా నేటాల్ తెలుగువారితోనే ఆయన జీవితం ముడిపడింది.

రంగయ్య డాక్టరు కాదు. కానీ ఆరోగ్య సేవకు వెళ్లాలనుకునేవారు ఆయన నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. పిలిస్తే వెళ్లారు. వినేవాళ్ల భాషలో మాట్లాడారు. అక్కడే ఉండిపోయారు.

అదే 1903లో ఇంకో విచిత్రం జరిగింది. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు సొంత చందాలతో ‘ఇండియన్ మిషనరీ సొసైటీ’ పెట్టుకున్నారు. వాళ్లు ఎంచుకున్న చోటు... నిజాం రాజ్యంలోని డోర్నకల్! సింగరేణి బొగ్గు రైలెక్కి వచ్చే ఇల్లెందు లైను కలిసే జంక్షన్ అదే. వచ్చినవాళ్లకు తెలుగు రాదు. ముందు నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ సొసైటీ తొలి కార్యదర్శి వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

అంటే ఒకే ఏడాదిలో తెలుగువాడు ఆఫ్రికాకు, తమిళులు తెలంగాణకు! మిషన్ అంటే తెల్లవాళ్లు మాత్రమే చేసేదన్న మాట అప్పుడే చెరిగిపోయింది.

డిచ్‌పల్లి డాక్టరమ్మ

ఇప్పుడు అటువైపు నుంచి ఇటు చూద్దాం. పరాయి దేశం నుంచి వచ్చి మన ఉత్తర తెలంగాణలో వైద్యం చేసిన మనిషి కథ ఇది.

ఇసాబెల్ కెర్ స్కాట్లాండులో పుట్టారు. అబర్డీన్‌లో వైద్యం చదివారు. మెథడిస్టు మిషన్‌లో పనిచేసే భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి, నిజామాబాద్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఆమెను కదిలించింది కుష్ఠు రోగుల బతుకు. ఇంట్లోకి రానివ్వరు. ఊళ్లో ఉండనివ్వరు. సర్కారు దవాఖానాలో కూడా చోటుండదు.

ఏదో చేయాలి. డబ్బేదీ? ముందుకొచ్చింది ఓ హిందూ సంపన్నుడు, నర్సాగౌడ్. ఆయన ఇచ్చిన భారీ విరాళం ఊతంగా 1915లో డిచ్‌పల్లి దగ్గర విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. మిషన్ డాక్టరమ్మ, స్థానిక దాత... ఇద్దరి విశ్వాసాలు వేరు. పని ఒక్కటే.

అప్పట్లో కుష్ఠుకు నికరమైన మందు లేదు. చాల్మోగ్రా జాతి గింజల నూనె నుంచి తీసిన ఇంజెక్షన్లే ఆధారం. ఆ సూది నొప్పి భరించి, మళ్లీ మళ్లీ రావాలంటే రోగికి డాక్టరు మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని సంపాదించడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. 1923లో బ్రిటిషు ప్రభుత్వం ‘కైజర్-ఎ-హింద్’ పతకం ఇచ్చింది. 1932లో ఆమె మరణించారు. నిజామాబాద్‌కు వచ్చిన తొలి ఏడాదే ఆమె వెనక్కి వెళ్లిపోయి ఉంటే? డిచ్‌పల్లి ఆసుపత్రి ఉండేదే కాదు.

ఇవాళ కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బు. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో బహుళ ఔషధ చికిత్స తీసుకుంటే చాలు. అయినా మచ్చ కనబడగానే దాచుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మందొచ్చినా భయం పోలేదు. భయం పోగొట్టేది మాత్ర కాదు... మాట. ఆరోగ్య పాఠం విలువ అక్కడే తెలుస్తుంది.

డాక్టరు గొంతు... కేటీ మాట

దర్బన్‌లోనే మరో కథ. జేమ్స్ మెకార్డ్ అనే అమెరికన్ మిషన్ డాక్టరు 1909లో జులూల కోసం ఆసుపత్రి తెరిచారు. తెల్లవాళ్ల వాడకు దగ్గర్లో ఆఫ్రికన్లకు ఆసుపత్రేంటని చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెక్కినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ ఆసుపత్రిలో ఆఫ్రికన్ అమ్మాయిలకు నర్సు శిక్షణా ఇచ్చారు.

మెకార్డ్ పేరు చరిత్రలో నిలిచింది. కానీ రోగులతో మాట్లాడింది ఎవరు? కేటీ మకన్యా అనే ఆఫ్రికన్ మహిళ. యవ్వనంలో గాయనిగా ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణి ముందు పాడిన బృందంలో ఆమె ఒకరు. తర్వాత దశాబ్దాలపాటు డాక్టరు పక్కన దుబాసీగా నిలబడ్డారు. రోగి చెప్పిన దాంట్లో బాధెంత, భయమెంత, సిగ్గెంత అన్నది విడదీసి చెప్పగలిగింది ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషే.

1940లో అదే నేటాల్ కొండ ప్రాంతంలోని ఫొలేలాలో సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే వైద్య దంపతులు ఇంకో అడుగు ముందుకేశారు. ఇది మిషన్ కాదు, సర్కారు ఆరోగ్య కేంద్రం. రోగి వచ్చేదాకా ఆగకుండా స్థానిక యువతీ యువకులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఇళ్లలో కనిపించింది జబ్బుకన్నా ముందు ఆకలి! దాంతో పెరట్లో కూరగాయలు పెంచడం కూడా ఆరోగ్య పాఠంలో చేరిపోయింది. తర్వాత వచ్చిన వర్ణవివక్ష ప్రభుత్వానికి ఈ పద్ధతి రుచించలేదు. కార్క్ దంపతులు దేశం విడిచి వెళ్లారు. వాళ్ల ఆలోచన మాత్రం ప్రపంచమంతా తిరిగింది.

మనకు దగ్గర్లోనే, మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో క్రైస్తవ వైద్య దంపతులు రజనీకాంత్ అరోలె, మేబెల్ అరోలె 1970లో మొదలుపెట్టిన పని కూడా అలాంటిదే. అక్షరం రాని పల్లె మహిళలకు, వాళ్లలో దళిత స్త్రీలెందరికో, కాన్పులు, పసిపిల్లల బరువు, కుష్ఠు, క్షయ గురించి నేర్పి గ్రామ ఆరోగ్య కార్యకర్తల్ని చేశారు. 1978లో ఆల్మా అటాలో ప్రపంచ దేశాలన్నీ కూర్చుని ప్రాథమిక ఆరోగ్యం అందరి హక్కన్నప్పుడు, వాళ్ల ముందున్న ఉదాహరణల్లో జామ్‌ఖేడ్ ఒకటి.

గట్క, పల్లీలు... ఓ గుణపాఠం

జాంబియా, మలావీల్లో ‘న్‌సిమా’ లేని భోజనం ఉండదు. జింబాబ్వేలో దాన్నే ‘సద్జా’ అంటారు. అదేదో వింత వంటకం అనుకునేరు... మక్కపిండిని నీళ్లలో ఉడికించి గట్టిగా కలిపిన ముద్ద. అచ్చం మన మక్క గట్కే! మందమర్రి నుంచి వెళ్లినవాళ్లకు ఆ పళ్లెం ముందు పరాయితనం ఉండదు.

కానీ మక్కముద్ద మీదే బతికితే ‘పెల్లాగ్రా’ అనే జబ్బొస్తుంది. మెడ మీద, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడినట్టవుతుంది. విరేచనాలు, మతిమరుపు, ముదిరితే మరణం. నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి కారణం. జొన్నల మీదే బతికే దక్కన్ పేదల్లోనూ ఈ జబ్బు ఉండేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో 1960ల్లో గోపాలన్, శ్రీకాంతియా దాని మీద పేరున్న పరిశోధన చేశారు.

1990లో మలావీలో ఏం జరిగిందో చూడండి. మొజాంబిక్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు శిబిరాల్లో ఉన్నారు. రేషన్‌లో మక్కలతోపాటు పల్లీలు ఇచ్చేవారు. పల్లీల్లో నియాసిన్ పుష్కలం. ఏవో కారణాలతో పల్లీల సరఫరా ఆగిపోయింది. కొద్ది నెలల్లోనే వేలాదిమందికి పెల్లాగ్రా!

ఆ శిబిరంలో నిలబడి ‘సమతులాహారం తినండి’ అని బొమ్మలు చూపిస్తూ పాఠం చెబితే ఏం లాభం? అక్కడ కావాల్సింది పాఠం కాదు, పల్లీలు. తెలియక చేసే తప్పు ఏది, దొరక్క చేసే తప్పు ఏది... ఈ తేడా పట్టుకోలేని సేవకుడు పేదల్ని నిందించి తిరిగొస్తాడు.

రెండు గనులు, ఒకే దగ్గు

దక్షిణాఫ్రికా బంగారు గనుల గురించి విననివారు లేరు. వాటిలో చెమటోడ్చినవాళ్లలో లెసోతో, మొజాంబిక్, మలావీ లాంటి పొరుగు దేశాలవాళ్లు ఎందరో. రాయి పగులగొడితే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా పాగా వేస్తుంది. హెచ్ఐవీ తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. కుటుంబాలకు దూరంగా మగవాళ్ల హాస్టళ్లలో ఏళ్లతరబడి ఉంచిన పద్ధతే ఆ జబ్బు వ్యాపించడానికి ఓ దారి వేసింది. జబ్బు మోసుకుని ఇంటికొచ్చిన కార్మికుడికి వైద్యం చేయాల్సింది మాత్రం ఊళ్లోని చిన్న మిషన్ ఆసుపత్రో, సర్కారు క్లినిక్కో. ఏళ్ల పోరాటం తర్వాత 2019లో జోహన్నెస్‌బర్గ్ హైకోర్టు గని కార్మికులకు 500 కోట్ల రాండ్ల పరిహార ఒప్పందాన్ని ఆమోదించింది. అప్పటికే చాలామంది పోయారు.

బొగ్గు దుమ్ము వేరు, బంగారు గని దుమ్ము వేరు. కానీ రాత్రి షిఫ్టు దిగొచ్చిన మనిషి దగ్గు ఎలా ఉంటుందో మందమర్రిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడి ఆడపిల్ల ఒకరు లెసోతో కొండల్లో ఓ మాజీ గని కార్మికుడి ఇంటికి వెళితే, పుస్తకంలో లేని ప్రశ్నలు ఆమె నోటికి వాటంతటవే వస్తాయి. ‘బాయిలో ఏ పని చేసేవారు? డ్రిల్లింగా, మోతా? నీళ్లు చల్లేవారా?’ అని.

దక్షిణాఫ్రికా ఖండభాగానికి ఇప్పటికీ పెద్ద పరీక్ష హెచ్ఐవీయే. ప్రపంచంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు అత్యధికంగా ఉన్న దేశం దక్షిణాఫ్రికా. ఎస్వాతినిలో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఉంది. 2001లో ముంబయికి చెందిన సిప్లా రోజుకు ఒక డాలరుకే మూడు మందుల కోర్సు ఇస్తామని ప్రకటించాక కథ మారింది. అంతకుముందు ఏడాదికి పది వేల డాలర్లు దాటే చికిత్స అది. ఇప్పుడు ఆఫ్రికా రోగులు మింగే మాత్రల్లో హైదరాబాద్ కంపెనీల్లో తయారైనవీ చాలా ఉన్నాయి. తల్లికి సరైన సమయంలో మందులిస్తే బిడ్డకు సోకే ప్రమాదం అయిదు శాతం లోపే. మందుల్లేకుంటే 15 నుంచి 45 శాతం.

అంటే మాత్ర ఉంది. అది ఆగకుండా అందడం, ఆపకుండా మింగడం... అదే సవాలు. 2025 ఆరంభంలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేసినప్పుడు ఆ దేశాల్లో ఎన్నో క్లినిక్‌లు, ఆరోగ్య కార్యకర్తల ఉద్యోగాలు దెబ్బతిన్నాయి. ఇక ప్రార్థన చేశాం కదా, మందు మానేయండని చెప్పే బోధకులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఆ మాట నమ్మి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. విశ్వాసంతో వెళ్లే ఆరోగ్య సేవకురాలు అక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటే... ప్రార్థనా చేయండి, మాత్రా మింగండి.

చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం

ఆరోగ్య పాఠం ఎలా చెప్పాలో తెలియాలంటే బంగ్లాదేశ్ వెళ్లాలి. 1980 నుంచి 1990 వరకూ అక్కడ ‘బ్రాక్’ సంస్థ మహిళా కార్యకర్తలు కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లారు. విరేచనాలైన బిడ్డకు ఇంట్లోనే జీవజలం కలపడం నేర్పారు. కొలతలేంటి? గ్రాములు, మిల్లీలీటర్లు కాదు. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర లీటరుకు దగ్గరగా ఉండే వాళ్ల అర సేరు నీళ్లు. ప్రతి తల్లి చేతా అక్కడికక్కడే కలిపించేవారు.

అసలు కిటుకు జీతంలో ఉంది. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది లెక్క కాదు. కొన్ని రోజుల తర్వాత వేరేవాళ్లు వెళ్లి, కొందరు తల్లుల్ని ఎంచుకుని అడుగుతారు. వాళ్లకు ఎంత గుర్తుందో, నీళ్లు ఎంత సరిగ్గా కలిపారో... దాన్ని బట్టి కార్యకర్తకు డబ్బు!

ఈ లెక్కన మన సేవా యాత్రల్ని తూచి చూడండి. ‘పది ఊళ్లు తిరిగాం, వెయ్యిమందికి బోధించాం’ అన్న నివేదిక బాగానే ఉంటుంది. ఆ వెయ్యిలో నెల తర్వాత ఎంతమందికి గుర్తుంది? ఆ లెక్క తేల్చేవాళ్లు ఎందరు?

(మన దగ్గర ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల దగ్గర దొరుకుతాయి. అదే మేలు. ప్యాకెట్ లేనప్పుడు లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. రెండూ చిన్న చెంచాతో, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం.)

పేరు ఇచ్చే ముందు...

సేవా యాత్రకు సిద్ధపడేవాళ్లు, పంపే తల్లిదండ్రులు తప్పకుండా అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

* పిలిచిందెవరు? అక్కడి ఆసుపత్రో, సంఘమో ‘మాకు ఫలానా పనికి మనిషి కావాలి’ అని అడిగిందా, లేక ఇక్కడివాళ్లే అనుకుని బయల్దేరుతున్నారా?

* పక్కన ఎవరుంటారు? స్థానిక నర్సు లేదా ఆరోగ్య కార్యకర్త లేకుండా ఏ పాఠమూ చెప్పొద్దు. మాట ఆమెది, సాయం మనది.

* ఏ వీసా? టూరిస్టు వీసా మీద వెళ్లి ఆసుపత్రిలో పనిచేస్తే చిక్కుల్లో పడతారు. ఇక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్‌తో అక్కడ సూదిమందు ఇవ్వడం కుదరదు. అక్కడి కౌన్సిల్ అనుమతి ఉండాలి. చదువు పూర్తికానివాళ్లు ఇక్కడ చేయకూడని పని అక్కడా చేయకూడదు.

* టీకాలు? ఆఫ్రికాలోని కొన్ని దేశాలకు వెళ్లాలన్నా, వాటి మీదుగా తిరిగి రావాలన్నా ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. జాంబియా, మలావీ, మొజాంబిక్‌లలో మలేరియా ఎక్కువ. ముందుజాగ్రత్త మాత్రల గురించి డాక్టరును అడగాలి.

* ఫొటోలు? రోగుల, పసిపిల్లల ఫొటోలు తీసి ఇక్కడ చూపించి చందాలు పోగేయడం సేవ కాదు. హెచ్ఐవీ ఉన్న మనిషి ముఖం బయటపడితే ఊళ్లో ఆ కుటుంబం బతుకు తలకిందులవుతుంది.

* ఖర్చు? ఒక్కరి విమాన ఛార్జీతో అక్కడ ఓ ఆరోగ్య కార్యకర్తకు ఎన్ని నెలల జీతం ఇవ్వొచ్చో లెక్కేయండి. అంతకన్నా ఎక్కువ మేలు మన ప్రయాణంతో జరుగుతుందనిపిస్తేనే టిక్కెట్టు కొనండి. లేదంటే డబ్బు పంపడమే పుణ్యం.

ముందు తిర్యాణి... తర్వాత జాంబియా!

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది. ఆఫ్రికాలో చెప్పబోయే పాఠం ఎప్పుడైనా మన దగ్గర చెప్పి చూశారా?

మందమర్రి నుంచి కాసిపేట, తిర్యాణి వైపు వెళితే గోండు, కొలాం గూడేలు మొదలవుతాయి. వానాకాలం మలేరియా, గర్భిణుల్లో రక్తహీనత, దూరంగా ఉండే దవాఖానా... అన్నీ ఉన్నాయి. సికిల్‌సెల్ కూడా ఉంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోయే ఈ వారసత్వ జబ్బు జాంబియా, మలావీల్లోనూ కనిపిస్తుంది. కారణం ఒక్కటే. ఆ జన్యువు ఒక్కటే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే జబ్బు. మలేరియా ఏలిన నేలల్లోనే అది నిలదొక్కుకుంది. మన దేశంలో దీని నిర్మూలనకు 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలైంది. గూడేల్లో రక్త పరీక్షకు మనుషుల్ని ఒప్పించేవాళ్లు కావాలి. పెళ్లికి ముందు పరీక్ష ఎందుకో ఓపిగ్గా చెప్పేవాళ్లు కావాలి.

ఆ మాట గోండీలో చెబితేనే చెవికెక్కుతుంది. ఈ సంగతి ఎనభై ఏళ్ల కిందటే ఈ గడ్డమీద రుజువైంది. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండీలో వాచకాలు రాయించారు. చదువైనా, ఆరోగ్యమైనా దారి అదే.

బొగ్గుబాయిలో కొత్తగా చేరినవాణ్ని మొదటిరోజే కిందికి దింపరు. ముందు శిక్షణ కేంద్రానికి పంపుతారు. పైకప్పు ఎలా చూడాలో, గ్యాస్ ఉందో లేదో ఎలా కనిపెట్టాలో, తోటివాడు పడితే ఎలా ఎత్తాలో నేర్పుతారు. ఆ తర్వాత పాత కార్మికుడి పక్కనే పని. పరాయి దేశానికి సేవకు వెళ్లేవాళ్లకూ అలాంటి శిక్షణే కావాలి. తిర్యాణి గూడెంలో ఆర్నెల్లు పనిచేసిన అమ్మాయికి జాంబియా పల్లె కొత్తగా అనిపించదు. ఆ ఆర్నెల్లలో విసుగొస్తే... ఆఫ్రికాకు వెళ్లకపోవడమే అందరికీ మంచిది.

బైబిల్లోని మంచి సమరయుడి ఉపమానం క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలకు కూడా తెలుసు. దారిలో గాయపడి ఉన్నవాణ్ని చూసి ఆగాడు, కట్టు కట్టాడు, గాడిద మీద ఎక్కించుకున్నాడు. అందరూ గుర్తుపెట్టుకునేది అంతవరకే. తర్వాత అతను చేసింది అంతకన్నా పెద్ద పని. బాధితుణ్ని ఊళ్లోని పూటకూళ్లవాడికి అప్పగించి, ఖర్చుకు డబ్బిచ్చి, ఇంకేమైనా అయితే తిరిగొచ్చి ఇస్తానని మాటిచ్చాడు.

ఆ ఊరివాళ్ల చేతికి అప్పగించడం, మళ్లీ వస్తానన్న మాట నిలబెట్టుకోవడం. సేవా యాత్ర యాత్రగా మిగలకుండా సేవగా మారేది ఆ రెండింటి వల్లే!